సోలో వాయించాలంటే ముందు ఏం నేర్చుకోవాలి?



వార్షికోత్సవ సంచికలో చదువుల గురించి, ఉద్యోగాల గురించి రాసేవారు ఎలాగూ ఉంటారు. వాళ్ళు రాయాలి కూడా. నేను మాత్రం పాట గురించి రాస్తున్నాను. పాట మధ్యలో గాయకుడు ఆగి కీబోర్డ్ వాయించే మన వైపు చూసి ‘కానివ్వు’ అని తల ఊపుతాడు చూడండి, ఆ నిమిషంలో ఏం వాయించాలి, ఏ స్వరాలు ఎంచుకోవాలి అన్నదే నా విషయం.

మన మణుగూరు ప్రాంతంలో కీబోర్డ్ పట్టుకునే పిల్లలు తక్కువేమీ కాదు. ఆదివారం చర్చిలో, క్రిస్మస్ కార్యక్రమాల్లో, వినాయక మండపాల దగ్గర, సింగరేణి కాలనీల్లో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో మనవాళ్ళే కనిపిస్తారు. పాట ట్యూన్ వాయిస్తారు, ఎడమ చేత్తో కార్డ్స్ పట్టుకుంటారు, పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే మ్యూజిక్ బిట్‌ను పొల్లు పోకుండా దించుతారు. కానీ ఆ బిట్ అయిపోయాక ‘ఇంకో రౌండ్ నీ సొంతంగా వాయించు’ అంటే చాలామంది చేతులు ఆగిపోతాయి. ప్రతిభ లేక కాదు, దారి చెప్పినవాళ్ళు లేక.

దారి అడిగితే మామూలుగా రెండు జవాబులు వస్తాయి. శాస్త్రీయ సంగీతం తెలిసినవారు ‘ముందు సరళీ స్వరాలు, ఆ తర్వాత వర్ణాలు, 72 మేళకర్తలు’ అంటారు. గిటార్, కీబోర్డ్ క్లాసులవారు, ఫోన్‌లో వీడియోలు పెట్టేవారు ‘ఏడు మోడ్స్, ఒక్కొక్కటి పన్నెండు కీలలో’ అని చార్ట్ చూపిస్తారు. రెండూ తప్పు కాదు. కానీ ఫీజు కట్టలేని, రోజుకు అరగంట కూడా వాయిద్యం దొరకని హాస్టల్ విద్యార్థికి ఈ రెండు జవాబులూ ఒకే మాటగా వినిపిస్తాయి: ‘ఇది నీవల్ల కాదు.’ నేను ఒప్పుకోనిది ఆ మాటనే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ముందు నేర్చుకోవలసింది స్కేళ్ళ పేర్లు కాదు. మన ఎడమ చేతి కింద ఉన్న కార్డ్‌లో ఏ స్వరాలు ఉన్నాయో నేర్చుకోవాలి. తర్వాత మన చెవిలో ఇప్పటికే ఉన్న రాగాన్ని దానికి జత చెయ్యాలి. పేర్లు ఆఖరున వాటంతట అవే వస్తాయి.

సొంతంగా వాయించడం మనకు కొత్త కాదు

అప్పటికప్పుడు అల్లి వాయించడం ఏదో పరాయి విద్య అనుకోకండి. మన ఊళ్ళో డప్పు వినండి. నలుగురు దరువు పట్టుకుని ఉంటే ఒకరు దాని మీద తిప్పి తిప్పి కొట్టి, సరిగ్గా దరువు మొదటికి వచ్చి కలుస్తారు. దానికి కాగితం లేదు. మన మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు కోయల చరిత్రను, సమ్మక్క సారలమ్మల కథను తన జ్ఞాపకంలోంచే పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. మన మండలం మనిషికి ఆ గౌరవం ఏ క్లాసులో చేరినందుకో రాలేదు. కర్ణాటక సంగీతంలోనూ ఆలాపన, నెరవల్, కల్పనస్వరాలు అన్నీ అప్పటికప్పుడు అల్లేవే. దాన్ని వారు మనోధర్మం అంటారు.

అయితే ఒక తేడా ఉంది. రాగాలాపనలో తంబురా ఎప్పుడూ అదే స, అదే ప పలుకుతూ ఉంటుంది. కింద నేల కదలదు. సినిమా పాటలో, చర్చి పాటలో కార్డ్స్ మారుతుంటాయి, అంటే కింద నేలే కదులుతుంటుంది. ఒక కార్డ్ మీద తియ్యగా ఉన్న స్వరం తర్వాతి కార్డ్ మీద గరగరలాడుతుంది. మన పిల్లల చేతులు ఆగిపోయేది ఇక్కడే. కాబట్టి పాఠం కూడా ఇక్కడి నుంచే మొదలు కావాలి.

కార్డ్ అంటే లెక్క

కార్డ్ అంటే మూడు మెట్లు కలిపి నొక్కడం. తెల్లవి, నల్లవి అన్నీ వరుసగా లెక్కపెట్టండి. మొదటి మెట్టు నుంచి నాలుగు మెట్లు పైకి, అక్కడి నుంచి మూడు మెట్లు పైకి పోతే మేజర్ కార్డ్. ముందు మూడు, తర్వాత నాలుగు అయితే మైనర్ కార్డ్. అంతే. పన్నెండు మెట్ల మీద పన్నెండు మేజర్లు, పన్నెండు మైనర్లు, మొత్తం 24. ఎక్కాలు వచ్చినవాడికి ఇది కష్టం కాదు.

మూడు స్వరాల్లో మధ్యది చాలా ముఖ్యం. కార్డ్ మేజరా మైనరా అని చెప్పేది అదే. సోలోలో ఆ మధ్య స్వరం మీద ఆగితే, కింద రిథమ్ లేకపోయినా వినేవారికి కార్డ్ మారినట్టు తెలుస్తుంది.

మోహనంతో మొదలుపెడదాం

సి మెట్టును స అనుకోండి. తెల్ల మెట్లు వరుసగా స రి గ మ ప ద ని అవుతాయి. ఇందులో మ, ని తీసేస్తే మిగిలిన స రి గ ప ద మోహనం. ఇది ఎవరూ నేర్పకుండానే మన చెవికి తెలిసిన రాగం. పడమటి సంగీతంలో దీన్నే మేజర్ పెంటటానిక్ అంటారు.

ఇప్పుడు చాలా పాటల్లో వచ్చే నాలుగు కార్డ్స్ తీసుకుందాం: సి మేజర్, ఎ మైనర్, ఎఫ్ మేజర్, జి మేజర్. సి మేజర్‌లో స గ ప ఉన్నాయి. ఎ మైనర్‌లో ద స గ ఉన్నాయి. ఈ రెండూ పూర్తిగా మోహనంలోవే, కాబట్టి భయం లేదు. ఎఫ్ మేజర్‌లో మ ద స ఉన్నాయి. మోహనంలో మ లేదు గానీ ద, స ఉన్నాయి. జి మేజర్‌లో ప ని రి ఉన్నాయి. మోహనంలో ని లేదు గానీ ప, రి ఉన్నాయి.

‘మోహనం వాయిస్తే ఎక్కడా తప్పు పోదు’ అని సీనియర్లు చెప్పేది సగం నిజం. జి మేజర్ వస్తున్నప్పుడు స మీద నిలబడి చూడండి. కార్డ్‌లోని నికి ఆ స పక్క మెట్టే కాబట్టి రెండూ రాసుకుంటాయి. స మీదుగా పోతే ఇబ్బంది లేదు, స మీద ఆగితేనే ఇబ్బంది. అందుకే ఏ స్కేల్ వాయిస్తున్నావన్నదానికన్నా ఏ స్వరం మీద ఆగుతున్నావన్నది ముఖ్యం.

ఈ నాలుగు కార్డ్స్ మీద మోహనంలోనే ఇలా ఆగండి: సి మేజర్ మీద గ, ఎ మైనర్ మీద స, ఎఫ్ మేజర్ మీద ద, జి మేజర్ మీద రి. మొదటి మూడూ ఆయా కార్డ్స్ మధ్య స్వరాలే. జి మధ్య స్వరం ని మోహనంలో లేదు కనుక రితో సరిపెట్టుకున్నాం. ఆ నాలుగు స్వరాల మధ్య దారి మీ ఇష్టం. వారం రోజులు ఇది ఒక్కటే వాయిస్తే మీ సోలో కార్డ్స్‌తో పాటు నడుస్తుంది. ఆ తర్వాత ఎఫ్ మీద మను, జి మీద నిని కలుపుకోండి. అప్పుడు ఏడు స్వరాలూ వచ్చేస్తాయి. దాని పేరు శంకరాభరణం, అదే మేజర్ స్కేల్. చూశారా, పేరు ఆఖరున వచ్చింది!

పేర్లు మారితే స్వరాలు మారవు

ఇప్పుడు మోడ్స్ చార్ట్ సంగతి చూద్దాం. తెల్ల మెట్లనే సి నుంచి మొదలుపెడితే శంకరాభరణం. డి నుంచి మొదలుపెడితే ఖరహరప్రియ, దాన్నే వాళ్ళు డోరియన్ అంటారు. ఇ నుంచి హనుమతోడి, వాళ్ళకు ఫ్రిజియన్. ఎఫ్ నుంచి కళ్యాణి, వాళ్ళకు లిడియన్. జి నుంచి హరికాంభోజి, వాళ్ళకు మిక్సోలిడియన్. ఎ నుంచి నటభైరవి, వాళ్ళకు ఎయోలియన్, అంటే మామూలు మైనర్. బి నుంచి మొదలుపెడితే శుద్ధమైన పంచమం దొరకదు, కనుక మేళకర్త కాదు. ఇలా స మార్చి రాగం మార్చడాన్ని మనవాళ్ళు గ్రహభేదం అన్నారు.

అందమైన విషయమే. కానీ పై నాలుగు కార్డ్స్ వస్తున్నప్పుడు ‘సి మీద అయోనియన్, ఎ మైనర్ మీద ఎయోలియన్, ఎఫ్ మీద లిడియన్, జి మీద మిక్సోలిడియన్’ అని కొత్తగా నేర్చుకునేవాడికి చెబితే ఏమవుతుంది? నాలుగు పేర్లు తలలో తిరుగుతాయి, చేతి కింద మాత్రం అవే ఏడు తెల్ల మెట్లు ఉంటాయి. ఒక్క స్వరమూ మారలేదు. మారింది ఆగే చోటు మాత్రమే. ఆగే చోటు కార్డే చెబుతున్నప్పుడు, పిల్లవాడిని నాలుగు పేర్లతో బెదిరించడం ఎందుకు?

మరి స్కేల్ ఎప్పుడు మార్చాలి?

కార్డ్‌లోని స్వరం స్కేల్‌లో లేనప్పుడు మార్చాలి. దీనికి ఒక కాగితం, పెన్సిల్ చాలు. పాట ఎక్కడ హాయిగా ముగుస్తుందో అది స. పాటలోని కార్డ్స్ అన్నీ రాసి, వాటిలోని స్వరాలు విడదీసి ఒక వరుసలో పెట్టండి. స్కేల్ దానంతట అదే బయటపడుతుంది. మూడు ఉదాహరణలు చూద్దాం.

ఒకటి. పాట ఎ మైనర్, డి మైనర్, ఇ మేజర్ అనుకోండి. విడదీస్తే ఎ, సి, ఇ. డి, ఎఫ్, ఎ. ఇ, జి షార్ప్, బి. ఎను స అనుకుంటే ఇది కీరవాణి, 21వ మేళకర్త. మామూలు మైనర్ అయిన నటభైరవి 20వది. రెంటికీ తేడా ని ఒక్కటే. కాబట్టి ఇ మేజర్ వచ్చినప్పుడు జి మెట్టు వదిలి పక్కనున్న నల్ల మెట్టు జి షార్ప్ పట్టుకోవాలి. అక్కడ జి మీద ఆగితే ఎంత బాగా వాయించినా అపశ్రుతే.

రెండు. సి మేజర్, బి ఫ్లాట్ మేజర్, ఎఫ్ మేజర్. బి ఫ్లాట్ కార్డ్‌లో బి ఫ్లాట్, డి, ఎఫ్ ఉన్నాయి. అంటే ని ఒక మెట్టు దిగింది. ఇప్పుడు మనది శంకరాభరణం కాదు, హరికాంభోజి. ఇక్కడ మిక్సోలిడియన్ అన్న పేరుకు నిజంగా పని ఉంది, ఎందుకంటే ఒక స్వరం నిజంగా మారింది.

మూడు. ఎ మైనర్ తర్వాత డి మైనర్ వస్తోందా, డి మేజర్ వస్తోందా? డి మైనర్ అయితే ఎఫ్, కాబట్టి నటభైరవి. డి మేజర్ అయితే ఎఫ్ షార్ప్, కాబట్టి ఖరహరప్రియ. ఎ మైనర్ ఒక్కటే చూసి ‘మైనర్ స్కేల్ వాయించేద్దాం’ అనుకునేవారు తడబడేది ఈ డి మేజర్ దగ్గరే. పక్క కార్డ్ చూడనిదే స్కేల్ తేల్చకూడదు.

ఒక్క కార్డ్ మాత్రమే మారి, మిగతావన్నీ పాత దారిలో ఉంటే, ఆ ఒక్క కార్డ్ ఉన్నంతసేపు ఆ ఒక్క స్వరాన్నే మార్చండి. కార్డ్ పోగానే వెనక్కి రండి. మొత్తం స్కేల్ పారెయ్యనక్కర్లేదు.

పెద్దల అభ్యంతరాలు

‘కార్డ్స్ పెడితే రాగం చెడిపోతుంది’ అని కొందరంటారు. అందులో నిజం ఉంది. రాగం అంటే మెట్ల వరుస కాదు. గమకాలు, సంచారాలు కలిస్తేనే రాగం. కీబోర్డ్ మీద మనం వాయించే కీరవాణి కీరవాణిలోని స్వరాలే గానీ కచేరీలో పాడే కీరవాణి కాదు. ఈ మాట ఒప్పుకుని గౌరవంగా నేర్చుకోవాలి. కానీ రాగమూ కార్డ్స్ కలిసి బతకలేవన్నది మాత్రం నిజం కాదు. తమిళనాడులోని పన్నైపురం అనే పల్లెలో పుట్టి, అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగిన ఇళయరాజా గారు, ఆ తర్వాత మద్రాసులో ధన్‌రాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. పల్లె పాటనూ, రాగాన్నీ, కార్డ్స్‌నూ ఒకే పాటలో కూర్చోబెట్టారు. మన తెలుగు సినిమాలు సాగరసంగమం (1983), రుద్రవీణ (1988) సంగీతానికి ఆయనకు జాతీయ అవార్డులు వచ్చాయి.

‘జనం అసలు బిట్టే అడుగుతారు, సొంతం ఎవరికి కావాలి?’ అని ఆర్కెస్ట్రా సీనియర్లు అంటారు. అదీ న్యాయమే. పెళ్ళిలో సినిమా పాట వాయిస్తే అందరికీ తెలిసిన బిట్ ఉన్నది ఉన్నట్టు రావాలి. దించడం కూడా పెద్ద విద్యే. కానీ దించిన బిట్‌లో ప్రతి స్వరం కింద ఏ కార్డ్ ఉందో రాసుకుంటే, దించడమే పాఠమవుతుంది. అలా రాసుకోకుండా వంద బిట్లు దించినా నూటొకటో పాట దగ్గర మళ్ళీ మొదటికే వస్తాం.

ఇక మోడ్స్ ఎందుకు పుట్టాయని అడిగేవారికి అమెరికా సంగతి ఒకటి చెప్పాలి. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతి అక్కడ జాజ్ అనే సంగీతాన్ని సృష్టించింది. 1959లో మైల్స్ డేవిస్ చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బంలో మొదటి పాటకు 32 బార్ల చట్రం. 16 బార్లు డి మీద డోరియన్, అంటే మన ఖరహరప్రియ స్వరాలు. తర్వాత 8 బార్లు అదే స్కేల్ ఒక మెట్టు పైన. మళ్ళీ 8 బార్లు డి మీద. కార్డ్స్ తగ్గించి, ఒకే స్కేల్ మీద ఎక్కువసేపు నిలబడి ఊహించుకోవడానికే ఈ ఏర్పాటు. మన రాగాలాపనకు అది ఎంత దగ్గరో చూడండి. మోడ్ అన్న మాటకు అసలైన బలం అక్కడ ఉంది.

అదే 1959లో జాన్ కోల్ట్రేన్ దీనికి పూర్తిగా ఎదురు దారిలో ‘జెయింట్ స్టెప్స్’ రికార్డు చేశారు. అందులో స మూడు చోట్లకు మారుతూ ఉంటుంది, అదీ చాలా వేగంగా. ఆ రికార్డులో పియానో వాయించిన టామీ ఫ్లానగన్ అంతటి విద్వాంసుడి సోలో కూడా ఆగి ఆగి సాగింది. ఆయన దాన్ని అక్కడ వదిలెయ్యలేదు. 1982లో అదే పేరుతో సొంత ఆల్బం చేసి ఆ పాటను మళ్ళీ వాయించారు. కార్డ్స్ మారేచోట చెయ్యి ఆగడం సిగ్గుపడవలసిన సంగతి కాదు. ఆగిన చోట ఏ స్వరం అడ్డుపడిందో కనుక్కోవడమే సాధన.

హాస్టల్‌లో సాధన ఎలా?

వాయిద్యం దొరకనప్పుడు గొంతు ఉంది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్ గారి గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, ఆ పిల్లవాడు విని దాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ప్రపంచమంతా వాయించాడు. కాబట్టి ముందు పాడండి, తర్వాత వెతకండి. ఒకరు సి, ఎ మైనర్, ఎఫ్, జి కార్డ్స్ పట్టుకుంటే మిగతావారు ఆగవలసిన స్వరాలు గ, స, ద, రి అని పాడవచ్చు. ఒక్క కీబోర్డ్‌తో పదిమంది నేర్చుకోవచ్చు.

ట్రాన్స్‌పోజ్ బటన్ వాడితే తప్పా అని కొందరు అడుగుతారు. నేర్చుకునేటప్పుడు తప్పు కాదు. అన్నిటికీ సి మెట్టునే స చేసుకుంటే స్వరాల సంబంధం మనసులో కుదురుతుంది. అది కుదిరాక నెలకొక కొత్త మెట్టును స చేసుకుని అదే నాలుగు కార్డ్స్ వాయించండి. బటన్ లేని హార్మోనియం ముందు కూర్చోవలసి వచ్చిన రోజున అదే మిమ్మల్ని కాపాడుతుంది.

పూర్వ విద్యార్థులకు నాదొక మనవి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు షీల్డులు, శాలువాలు తెస్తున్నాం, సంతోషమే. నలుగురం కలిసి 61 మెట్ల సెకండ్ హ్యాండ్ కీబోర్డ్ ఒకటి కొని హాస్టల్‌కు ఇద్దాం. సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు అరగంట దాని దగ్గర ఒక సీనియర్ కూర్చుని జూనియర్లకు కార్డ్ స్వరాలు చెప్పే ఏర్పాటు వార్డెన్ గారితో మాట్లాడి చేద్దాం. చదువు పాడవుతుందని పెద్దలకు భయముంటే ఆ అరగంటకు మించి అడగవద్దు. మూడూ నాలుగూ లెక్కపెట్టి కార్డ్ కట్టేవాడు లెక్కలకు దూరమవుతాడని నేను అనుకోను.

తరతరాలుగా మనవాళ్ళు డప్పు కొడితే ఊరు కదిలింది. కానీ ‘సంగీతం తెలిసినవారు’ అన్న మాట మాత్రం మనకు దక్కలేదు. తెలియడం అంటే పెద్ద పెద్ద పేర్లు పలకడమని మనమూ నమ్మాం కనుక మౌనంగా పక్కకు తప్పుకున్నాం. ఆ నమ్మకం పోవాలి. కింద మోగుతున్న కార్డ్‌లో ఏముందో విని, దానికి తగిన స్వరం మీద ఆగగలిగినవాడే సంగీతం తెలిసినవాడు. అందుకు కావలసింది పన్నెండు మెట్లు, రెండు చెవులు, రోజూ అరగంట.

వచ్చే వార్షికోత్సవంలో మన హాస్టల్ పాటకు మధ్యలో ఎనిమిది బార్లు ఖాళీ వదలండి. ఆ ఎనిమిది బార్లు ఎవరో ఒక తమ్ముడు గానీ చెల్లెలు గానీ ఏ బిట్టూ దించకుండా సొంతంగా వాయించాలి. వినడానికి నేను ముందు వరుసలో ఉంటాను.